నీళ్ళలో వ్యాధి, ఊళ్ళో వైద్యం: పొదిలి ప్రాంత ఫ్లోరోసిస్ చరిత్రలో చిన్న ఆసుపత్రి స్థానం

వ్యాససంగ్రహం

తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని భారతదేశంలో వైద్యశాస్త్రం తొలిసారిగా నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. ఆ జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లాలో చేరాయి. ముదిరిన తర్వాత మందు లేని ఈ వ్యాధి విషయంలో గ్రామానికి చేరువలోని చిన్న ఆసుపత్రి ఏం చేయగలదు, ఇంతకాలం ఏం చేయలేకపోయింది, అందుకు కారణాలేమిటి అనే ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పొదిలి, ఫ్లోరోసిస్, నెల్లూరు జిల్లా, గ్రామీణ వైద్యం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తాగునీరు.

ఉపోద్ఘాతం

ఫ్లోరోసిస్ అనగానే తెలుగు పాఠకునికి నల్గొండ గుర్తుకు వస్తుంది. అక్కడి ప్రజాఉద్యమాలు, పత్రికల కథనాలు ఆ పేరును దేశమంతటికీ తెలియజేశాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి సైతం ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. కాని వైద్య వాఙ్మయంలో ఈ వ్యాధి చరిత్ర నల్గొండతో మొదలు కాలేదు. నల్గొండ రోగులను గురించి సిద్దికీ ప్రసిద్ధ వ్యాసం 1955లో వెలువడింది. దానికి 18 ఏళ్ళ ముందే నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాల రోగులు మద్రాసు వైద్యుల పరిశోధనలోకి వచ్చారు. మొదట నమోదైన నేల పేరు మరుగున పడి, తర్వాత నమోదైన నేల పేరు వ్యాధికి పర్యాయపదం కావడం చరిత్రకారులు పట్టించుకోవలసిన విషయం.

ఈ వ్యాధిని గురించి రెండు అభిప్రాయాలు బలంగా నాటుకొని ఉన్నాయి. ఇది బోరుబావులు తెచ్చిన వ్యాధి అన్నది మొదటిది. ఇది నీటిపారుదల ఇంజనీర్లు తీర్చవలసిన సమస్య, వైద్యులకు ఇందులో చేయగలిగింది లేదు అన్నది రెండవది. మొదటి అభిప్రాయాన్ని 1937 నాటి నమోదే పూర్వపక్షం చేస్తుంది. ఆనాడు పొదిలి ప్రాంతంలో యంత్రాలతో తవ్విన లోతు బోర్లు లేవు, ఉన్నవి తవ్వుడు బావులు. రెండవ అభిప్రాయం అంత తేలికగా వీగేది కాదు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగమే ఈ వ్యాసానికి విషయం.

పెద్దాసుపత్రికి దారి

పొదిలి ఒంగోలుకు పడమరగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. కోస్తా డెల్టా సంపద గాని, కాలువ నీరు గాని దీనికి చరిత్రలో దక్కలేదు. జొన్న, సజ్జ, కంది పండే మెట్ట నేల ఇది. తర్వాతి కాలంలో పత్తి, మిరప, వర్జీనియా పొగాకు వచ్చాయి. బ్రిటిషు పాలనలో ఇది నెల్లూరు జిల్లాలోని తాలూకా, వెంకటగిరి జమీందారీలోని భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకా అటు వెళ్ళింది, పొదిలి మాత్రం నెల్లూరులోనే ఉండిపోయింది. అంటే దగ్గరి పట్టణం ఒక జిల్లాలోను, పాలనా కేంద్రం చాలా దూరంగా మరో జిల్లాలోను ఉన్న స్థితి. ఇది 1970 వరకు సాగింది. ఒక తాలూకా ప్రజలు ఏ ఆసుపత్రికి పోవాలన్నది ఇటువంటి సరిహద్దు గీతలతో ఎంతగా ముడిపడి ఉంటుందో స్థానిక చరిత్రలు అరుదుగా చర్చించాయి.

మద్రాసు రాష్ట్రంలో గ్రామీణ వైద్యానికి పునాది 1871 నాటి లోకల్ ఫండ్ చట్టం. ఆసుపత్రుల, డిస్పెన్సరీల భారాన్ని స్థానిక పన్నులపై నడిచే బోర్డులకు అప్పగించిన ఈ ఏర్పాటును 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం విస్తరించింది. పన్ను బాగా వసూలయ్యే చోట ఆసుపత్రి బాగుంటుంది, వర్షం లేక శిస్తు రాని చోట ఆసుపత్రి కూడా బక్కచిక్కుతుంది. మెట్ట తాలూకాలకు ఇందులో ఆదినుంచీ నష్టమే.

రెండో దారి మిషనరీలది. 1876-78 కరవు కాలంలో జాన్ క్లౌ నాయకత్వాన అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒంగోలు పరిసరాల్లో, ముఖ్యంగా మాదిగ పల్లెల్లో, విస్తరించింది. 1890 దశకంలో కనిగిరి, పొదిలి, దర్శిలలో మిషన్ కేంద్రాలు వెలిశాయి. 1910లో క్లౌ మరణించిన తర్వాత ఆయన స్మారకంగా ఒంగోలులో ఏర్పడిన ఆసుపత్రి ఈ ప్రాంతపు పేదలకు దశాబ్దాల పాటు ‘పెద్దాసుపత్రి’గా నిలిచింది. ఊరి బావిలో చేద వేసే హక్కు లేని వారికి ఆసుపత్రి మంచం దొరకడం చిన్న విషయం కాదు. అయితే అది కూడా ఒంగోలులోనే ఉంది. బండి కట్టుకొని పోగలిగినవారికి, లేదా మంచం మీద మోసుకుపోయే నలుగురు మనుషులున్నవారికి మాత్రమే అది అందేది.

మూడో ప్రయత్నం పానగల్ రాజా ప్రథమమంత్రిత్వంలో 1924 ప్రాంతాన వచ్చిన పథకం. వైద్యులు పల్లెల్లో స్థిరపడేందుకు ప్రభుత్వం వార్షిక భృతి, మందులకు కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు ఇది. పల్లెకు వైద్యుని రప్పించాలంటే అతనికి అక్కడ బతుకుతెరువు చూపాలన్న సూక్ష్మాన్ని గ్రహించిన తొలి ప్రభుత్వ పథకాల్లో ఇదొకటి. సరిపోయేంత డబ్బు లేకపోవడం దీని లోపమే గాని, ఆలోచనలో లోపం లేదు.

1937: మద్రాసులో తీసిన ఎక్స్‌రే

ఫ్లోరోసిస్ చరిత్రను రాసినవారు తరచు చెప్పే ఒక విషయం ఉంది: నెల్లూరు ప్రాంతంలో దీన్ని ముందుగా గమనించింది రైతులు, అదీ పశువుల్లో. కాడి ఎద్దులు కాళ్ళు బిగుసుకొని నడవలేకపోవడం వారు చూశారు. 1934లో హైదరాబాదు రాజ్యంలో మహాజన్, 1935లో మద్రాసు రాష్ట్రంలో విశ్వనాథన్ పశువుల వ్యాధిగానే దీన్ని నివేదించారు. ఎద్దు మూలపడితే సేద్యం ఆగుతుంది గనుక పశువైద్యుని దాకా కబురు పోయింది. అదే నీళ్ళు తాగుతూ నడుం వంగిపోయిన మనిషిని గురించి కబురు ఎక్కడికీ పోలేదు. మనిషి ముసలితనం వల్ల వంగాడనుకున్నారు, లేదా వాతమనుకున్నారు.

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్‌పై వ్యాసం ప్రచురించారు. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు సంచాలకుడు. మలేరియా క్రిమి కాలేయంలో పెరిగే దశను 1948లో గార్నమ్‌తో కలిసి నిరూపించిన షార్ట్ ఈయనే. బర్నార్డ్ మద్రాసులో 1934లో ప్రారంభమైన రేడియాలజీ సంస్థకు మూలపురుషుడు. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోవడం, కండరబంధాల్లో సున్నం పేరుకోవడం, వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు చచ్చుపడటం వారు వర్ణించారు. అప్పటికి ప్రపంచ వైద్యానికి ఎముకల ఫ్లోరోసిస్ ప్రధానంగా కోపెన్‌హేగన్‌లో క్రయోలైట్ ఖనిజపు ధూళిని పీల్చిన కార్మికుల వ్యాధిగా తెలుసు. అమెరికాలో చర్చ పళ్ళ మీది మచ్చల దగ్గరే ఆగి ఉంది, అందుకు కారణం నీటిలోని ఫ్లోరైడని తేలింది కూడా 1931లోనే. ఏ కర్మాగారమూ లేని చోట, కేవలం బావి నీటితో మనిషి ఎముక ఇంతగా మారుతుందని చూపిన తొలి నివేదికల్లో నెల్లూరు నివేదిక ఒకటి.

ఈ ఘనతను తక్కువ చేయనక్కరలేదు. అయినా ఒక్కటి గమనించాలి. ఎక్స్‌రే ఫలకం మీద కనిపించే దశకు చేరాలంటే రోగి ఏళ్ళ తరబడి ఆ నీరు తాగి ఉండాలి. మద్రాసు చేరిన రోగికి వ్యాధి పేరు దొరికింది, కాని అతని వెన్ను తిరిగి వంగలేదు. తిరిగి వెళ్ళాక తాగింది ఆ బావి నీళ్ళే. పెద్దాసుపత్రి ఈ వ్యాధిని కనుక్కోగలిగింది గాని, దాన్ని ఆపగల చోటు బావికీ ఇంటికీ నడుమ ఎక్కడో ఉంది. ఆ చోట అప్పుడు ఎవరూ లేరు.

ఆ చోటును గురించి కొంత ఆలోచించిన పరిశోధన 1940లో వచ్చింది. పండిట్, రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి జరిపిన అధ్యయనం ఇది. వీరిలో పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి సంచాలకుడయ్యారు. ఫ్లోరైడు ఉన్న నీరు తాగేవారిలో కూడా తిండి సరిగా లేని పేదలకే, ముఖ్యంగా ఆహారంలో సి విటమిన్ తక్కువైనవారికే, ఎముకల వ్యాధి తీవ్రంగా వస్తున్నదని ఆ అధ్యయనం సూచించింది. అంటే నీరు ఒకటే అయినా వ్యాధి అందరికీ ఒకటి కాదు. సామాజిక చరిత్రకారుడు చెప్పవలసిన మాటను జీవరసాయన శాస్త్రజ్ఞులు 1940లోనే చెప్పారు.

లీటరు లెక్క, కూలి లెక్క

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984లో మార్గదర్శకం ఇచ్చింది. భారత ప్రమాణం 1 మిల్లీగ్రామును వాంఛనీయంగాను, వేరే నీరు దొరకని చోట 1.5ను గరిష్ఠంగాను నిర్ణయించింది. ఈ అంకెలు నీటిని కొలుస్తాయి, తాగే మనిషిని కొలవవు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని నీడపట్టున ఉండి రోజుకు 2 లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 6 మిల్లీగ్రాములు. ఎండలో మిరపకాయలు కోసే మనిషి, పొగాకు బ్యారన్ దగ్గర వేడిలో పనిచేసే మనిషి అదే నీటిని 5 లేక 6 లీటర్లు తాగితే 15 నుంచి 18 మిల్లీగ్రాములు. వండిన సంకటిలో, పప్పులో చేరేది దీనికి అదనం. ఎండ తీవ్రతను బట్టి ఫ్లోరైడు మోతాదు మారాలన్న సూత్రాన్ని అమెరికా 1962 ప్రమాణాల్లోనే పాటించింది. పొదిలి ఎండల్లో పనిచేసే కూలికి లీటరు లెక్క చాలదు. ఒక ఊళ్ళో ఎవరు ఏ పని చేస్తారో, ఏ బావి నీరు తాగుతారో తెలిసిన మనిషే ఈ లెక్క వేయగలడు.

స్త్రీల విషయంలో మరో చిక్కు. వరుస కాన్పులు, పాలివ్వడం ఒంట్లోని కాల్షియాన్ని హరిస్తాయి. కాల్షియం తక్కువైనప్పుడు ఫ్లోరైడు హాని ఎక్కువవుతుంది. ప్రసవం కోసం ఆరోగ్య కేంద్రానికి వచ్చిన స్త్రీని నడుం నొప్పి ఉందా, ఏ నీళ్ళు తాగుతున్నావు అని అడగడానికి ఖర్చేమీ లేదు. కాని ప్రసూతి రికార్డులో దానికి గడి ఉండాలి.

ఆరోగ్య కేంద్రం వచ్చాక

భోర్ కమిటీ 1946 నివేదిక గ్రామీణ భారతానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రతిపాదించింది. తొలిదశలో 40,000 జనాభాకు ఒకటి దాని లక్ష్యం. వైద్యుడు రోగానికి మందివ్వడమే గాక తన పరిధిలోని నీరు, తిండి, ఇల్లు కూడా చూడాలన్నది ఆ ప్రతిపాదనకు ప్రాణం. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంతో బ్లాకుకొక ఆరోగ్య కేంద్రం రావడం ఆరంభమైంది. 1978 ఆల్మా అటా ప్రకటన తర్వాత, 1983 జాతీయ ఆరోగ్య విధానంతో మైదాన ప్రాంతాల్లో 5,000 మందికి ఉపకేంద్రం, 30,000 మందికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వాటి పైన 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం అన్న అంచెలు స్థిరపడ్డాయి. ప్రజలు వీటన్నిటినీ కలిపి ‘ధర్మాసుపత్రి’ అన్నారు. ఆ మాటలో గౌరవమూ ఉంది, దానం తీసుకుంటున్నామన్న కుంగుబాటూ ఉంది.

ఈ కేంద్రాలు సాధించినదేమీ తక్కువ కాదు. మశూచి పోయింది, కాన్పుల్లో మరణాలు తగ్గాయి, పిల్లలకు టీకాలు అందాయి. ఫ్లోరోసిస్ దగ్గర మాత్రం ఈ వ్యవస్థ తడబడింది. అందుకు కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఆరోగ్య కేంద్రం పైనుంచి వచ్చే కార్యక్రమాలకు లెక్కలు ఒప్పజెప్పే కార్యాలయంగా మారింది. మలేరియా, క్షయ, కుటుంబ నియంత్రణ ఇలా ప్రతిదానికీ ఒక రిజిస్టరు, ఒక లక్ష్యం. దేశమంతటికీ ఒకే అచ్చు. కొన్ని తాలూకాలకే పరిమితమైన వ్యాధికి ఆ అచ్చులో చోటు లేదు. ఫ్లోరోసిస్ తొలిదశ లక్షణాలు కీళ్ళ నొప్పులు, వెన్ను బిగుసుకోవడం, కాళ్ళలో తిమ్మిర్లు. ఇవి అవుట్‌పేషెంట్ చీటీ మీద ‘ఒళ్ళు నొప్పులు’గా తప్ప మరోలా నమోదు కావడం కష్టం. అలా నమోదైన వ్యాధి లెక్కల్లో ఉండదు, లెక్కల్లో లేనిదానికి నిధి రాదు.

సరిగ్గా ఈ కాలంలోనే నీటి వనరు మారింది. నారికురుపు, కలరాల నివారణకు దిగుడు బావులను మాన్పించి చేతిపంపులు వేయడం ప్రజారోగ్య విజయమే. 2000 నాటికి దేశం నారికురుపు నుంచి విముక్తమైంది. అయితే గట్టి శిలల నడుమ చాలాకాలం నిలిచిన లోతు నీటిలో సోడియం, బైకార్బొనేటులు ఎక్కువై, కాల్షియం తక్కువైన చోట రాతిలోని ఫ్లోరైడు సులభంగా కరుగుతుంది. కాబట్టి క్రిముల దృష్ట్యా శుభ్రమైన నీరు కొన్ని ఊళ్ళలో ఫ్లోరైడు దృష్ట్యా మరింత హానికరమైంది. బోరుబావి ఈ వ్యాధిని పుట్టించలేదు, ఉన్నదాన్ని కొన్ని చోట్ల పెంచింది. నీటిని మార్చినవారు ఒక శాఖ, రోగిని చూసినవారు మరో శాఖ. పంపు వేసిన పదేళ్ళకు ఊళ్ళో నడుం నొప్పులు పెరిగితే ఆ రెంటినీ కలిపి చూసే బల్ల ఎక్కడా లేదు.

నొప్పి బిళ్ళ

చేరువ వైద్యం లేని చోట వైద్యమే లేకుండా పోదు. ఆ ఖాళీని ఆరెంపీలు, మందుల దుకాణాలు నింపుతాయి. కూలి మానుకోకుండా, సాయంత్రం ఇంటి దగ్గరే అందే వైద్యం అది. అప్పుగా కూడా దొరుకుతుంది. దాన్ని కేవలం అజ్ఞానంగా కొట్టిపారేసే ధోరణి సరికాదు. ధర్మాసుపత్రి ఉదయం పూట మాత్రమే తెరిచి ఉంటే, ఆ పూట కూలి పోగొట్టుకోవడం ఇష్టం లేని మనిషి చేసే సబబైన లెక్కే అది.

కాని ఫ్లోరోసిస్ విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడు బయటికి పోయే ప్రధాన మార్గం మూత్రపిండాలు. ఏళ్ళ తరబడి వాడే నొప్పి బిళ్ళలు దెబ్బతీసేది కూడా ఆ మూత్రపిండాలనే. మూత్రపిండం బలహీనపడితే ఫ్లోరైడు ఒంట్లో మరింత నిలుస్తుంది, నొప్పి పెరుగుతుంది, బిళ్ళల సంఖ్య పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంచడానికి శస్త్రచికిత్స గది అక్కరలేదు. నొప్పికి కారణం నీరు కావచ్చునని అనుమానించి, బావిని మార్చుకోమని చెప్పి, బిళ్ళల వాడకాన్ని అదుపులో పెట్టి, ఏడాదికొకసారి మూత్రపరీక్ష చేయించే నర్సు చాలు. పేదలకు సామాజిక వైద్యశాల విలువ ఎంత అన్న ప్రశ్నకు పొదిలి ప్రాంతం ఇచ్చే సమాధానం ఇక్కడ దొరుకుతుంది. ఆ విలువను పడకల సంఖ్యతోనో, మందుల జాబితాతోనో కొలిస్తే అందదు. ఒకే మనిషిని, ఒకే బావిని పదేళ్ళు వరుసగా చూసే కన్ను అక్కడ ఉందా లేదా అన్నదే అసలు కొలత.

గీత అటూ ఇటూ

1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. పొదిలి, దర్శి, కనిగిరి ఈ కొత్త జిల్లాలోకి వచ్చాయి. ఒంగోలు జిల్లా కేంద్రం కావడం వైద్యం దృష్ట్యా మేలే అయింది. అయితే పరిశోధన గ్రంథాల్లో మాత్రం ‘నెల్లూరు ఫ్లోరోసిస్’ అన్న పేరు అలాగే నిలిచింది.

కేంద్ర ప్రభుత్వం 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు తొలి విడతకు దేశంలో ఆరు జిల్లాలను ఎంచుకుంది: జామ్‌నగర్, నాగౌర్, ఉజ్జయిని, నయాగఢ్, ధర్మపురి, నెల్లూరు. నెల్లూరులోనూ ఉదయగిరి వైపు మెట్టలో ఈ వ్యాధి ఉంది గనుక ఆ ఎంపికను తప్పు పట్టనక్కరలేదు. అయినా 1937లో నెల్లూరుకు ఆ పేరు తెచ్చిన నేలలో పెద్ద భాగం అప్పటికి గీతకు ఇవతల ఉంది. జిల్లాకొక సలహాదారు, ప్రయోగశాల సాంకేతికుడు, నీటిలోను మూత్రంలోను ఫ్లోరైడును కొలిచే అయాన్ మీటరు ఇవ్వడం ఈ కార్యక్రమంలోని ముఖ్యాంశం. తర్వాతి సంవత్సరాల్లో ఇది మరిన్ని జిల్లాలకు విస్తరించింది. వ్యాధిని మొదట నమోదు చేసిన 71 ఏళ్ళకు దానికంటూ ఒక జాతీయ కార్యక్రమం వచ్చిందన్నమాట.

అదే 2008లో రాష్ట్రంలో 104 సంచార వైద్యసేవ మొదలైంది. ఆరోగ్య కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళకు నెలకొకసారి నిర్ణీత దినాన వాహనం వచ్చేది. దీర్ఘవ్యాధులకు మందులు ఇంటి ముంగిటికి వచ్చాయి. దీని కన్న ఒక ఏడు ముందు వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద శస్త్రచికిత్సలకు దారి తెరిచింది. రాష్ట్ర వైద్య విధానంలో ఈ రెండు ధోరణుల నడుమ పోటీ నేటికీ ఉంది. వెన్నుపాము నొక్కుకుపోయిన ఫ్లోరోసిస్ రోగికి శస్త్రచికిత్స కొంత ఉపశమనం ఇవ్వగలదు, కనుక ఆరోగ్యశ్రీ అక్కరలేదనడం క్రూరత్వమే. కాని ఆ రోగి ఆ దశకు చేరడానికి ముందు గడిచిన ఇరవై ఏళ్ళలో ఏ దినం అతన్ని ఎవరు చూశారన్నది 104 వంటి సేవలకు సంబంధించిన ప్రశ్న. 2019 తర్వాత గ్రామాల్లో వెలిసిన విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో నర్సింగ్ పట్టభద్రులను మధ్యస్థాయి వైద్య సిబ్బందిగా నియమించారు. 2023 ఏప్రిల్‌లో ఆరంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం ఆరోగ్య కేంద్రపు వైద్యుడే నిర్ణీత దినాల్లో ఊరికి వస్తాడు. ప్రభుత్వాలతో పాటు పేర్లు మారాయి, ముందుకూడా మారవచ్చు. ఊళ్ళో గది, అందులో చదువుకున్న నర్సు, వంతుల ప్రకారం వచ్చే ఒకే వైద్యుడు అన్న ఏర్పాటు మాత్రం 1924లో భృతి ఇచ్చి వైద్యుని పల్లెలో నిలపజూసిన ప్రయత్నానికి, 1946లో భోర్ కమిటీ ఊహించిన కేంద్రానికి వారసురాలు.

కాలువ నీటి పథకాలు కొన్ని ఊళ్ళకు అందాయి. శ్రీశైలం జలాలను మెట్టకు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లోనే జరిగింది. మంచి నీరు వచ్చినా పాత ఎముక మారదు గనుక, నీరు అందిన ఊళ్ళో కూడా ఒక తరం పాటు రోగులు ఉంటారు. పైపు పగిలిన వారం, కరెంటు లేని రోజు జనం తిరిగి పాత పంపుకే వెళతారు. ఆ వారాన్ని ఇంజనీరు లెక్క పట్టదు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు అది తెలుస్తుంది.

ఆమెకు అందుబాటులో ఉన్న సాక్ష్యం ఒకటి ఎక్స్‌రే కన్నా ముందే కనిపిస్తుంది. పిల్లల శాశ్వత దంతాల మీది పింగాణీ పొర పుట్టుక నుంచి ఎనిమిదేళ్ళ లోపు ఏర్పడుతుంది. ముందరి పళ్ళు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పైకి వస్తాయి. 1937లో మద్రాసులో తీసిన ఎక్స్‌రే ఫలకం రోగి ఏళ్ళ తరబడి తాగిన నీటి ఫలితాన్ని చూపింది. రెండో తరగతి పిల్లవాని ముందరి పళ్ళ మీది తెల్లని లేదా గోధుమరంగు చారలు చూపేది అతను పసితనంలో తాగిన నీటిని. ఆ పిల్లవాని ఇల్లు ఏదో, ఆ ఇంటివారు ఏ పంపు దగ్గర బిందె పెడతారో క్లినిక్ రిజిస్టరులో రాసి పెట్టుకోవడానికి ఒక్క గడి చాలు.